సున్నం మరచిన చేతులు
కట్టడాల పరిరక్షణకు నిధులతో పాటు పనివారూ కావాలి

న్యూఢిల్లీ: హుమాయూన్ సమాధి పైకప్పు మీద నుంచి దాదాపు పది లక్షల కిలోల కాంక్రీటును తొలగించవలసి వచ్చింది. అది మొఘలులు పోసినది కాదు. వాన నీరు కారకుండా చూడాలన్న ఉద్దేశంతో 20వ శతాబ్దంలో మరమ్మతుల పేరిట పొర మీద పొరగా పోసినది. నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచిన కట్టడం మీద ఈ భారం మోపింది శత్రువులు కారు, దానిని కాపాడబోయినవారే.

1993లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ సమాధి పునరుద్ధరణను భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ సహకారంతో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2007లో చేపట్టి 2013లో ముగించింది. సిమెంటు పూతలను తీసివేసి వాటి స్థానంలో సున్నపు గచ్చు వేశారు. కట్టడం చుట్టూ ఉన్న దిగువ అరుగును కప్పివేసిన కాంక్రీటును తవ్వి, ఒక్కొక్కటి వెయ్యి కిలోలకు పైగా బరువున్న రాళ్లను మనుషులే ఎత్తి సరిచేశారు. మొత్తం పనికి తాపీ మేస్త్రీలు, రాతి పనివారు తదితరులు సుమారు రెండు లక్షల పనిదినాలు వెచ్చించారు. దేశంలోని వేలాది పాత కట్టడాలకు ఇటువంటి పని అవసరమే. దానిని చేయగల చేతులు ఎన్ని మిగిలాయన్నదే ప్రశ్న.

సిమెంటు ఎందుకు పనికిరాదు?

సిమెంటు చెడ్డ పదార్థమని ఎవరూ అనరు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండులో పేటెంటు లభించింది. మన దేశంలో 1914 నుంచి పోరుబందరులో దాని ఉత్పత్తి సాగింది. అంతకు ముందు కట్టిన కోటలు, గుళ్లు, మసీదులు, బావులు సున్నంతోనో మట్టితోనో నిలిచాయి, లేదా రాతి మీద రాయి పేర్చినవి. పాత గోడ తేమను పీల్చుకుంటుంది, తిరిగి ఆవిరిగా వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే ఆవిరి బయటికి వెళ్లే దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన తేమతో పాటు లవణాలు పేరుకుని గట్టిపడతాయి. ఇటుక పొడి పొడిగా రాలిపోతుంది, రాయి పొరలుగా ఊడిపోతుంది. పైకి గోడ నున్నగా, కొత్తగా కనిపిస్తూనే ఉంటుంది. నష్టం బయటపడేసరికి ఏళ్లు గడచిపోతాయి.

మరో చిక్కు కూడా ఉన్నది. సిమెంటు పాత ఇటుక కన్నా గట్టిది. గోడ కాస్త కదిలితే సున్నపు అతుకు తాను చీలి ఇటుకను కాపాడుతుంది. సిమెంటు అతుకు చీలదు, ఇటుకే పగులుతుంది. చీలిన అతుకును మళ్లీ పూడ్చవచ్చు, పగిలిన పాత ఇటుకను తిరిగి తేలేము.

గానుగ నేర్పిన విద్య

తెలుగునాట గానుగ సున్నం, డంగు సున్నం అన్న మాటలు పెద్దవారికి ఇంకా గుర్తే. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చి, నీటిలో వేసి ఊరబెట్టాలి. ఇసుక, సుర్ఖీ అని పిలిచే ఇటుక పొడి కలిపి గానుగలో నూరాలి. ప్రాంతాన్ని బట్టి బెల్లం నీరు, కరక్కాయ నానబెట్టిన నీరు చేరుస్తారు. కొన్నిచోట్ల నున్నని పై పూతకు కోడిగుడ్డు తెల్లసొన వాడతారు. ఏది ఎంత, ఏ కాలంలో ఎన్నాళ్లు ఊరాలి, పూత మీద తడి ఎన్ని రోజులు నిలపాలి అన్నవి పుస్తకం చూసి తెలుసుకునేవి కావు. సున్నాన్ని తాపీ మీదికి తీసుకున్నప్పుడు అది జారే తీరును బట్టి మేస్త్రీ గ్రహించేవి. సిమెంటు సంచీ వచ్చాక ఈ గ్రహింపుతో అవసరం తీరిపోయింది. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకోవడం తగ్గింది.

ఇటు కళాశాలల్లో పరిస్థితి వేరు. ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి సంస్థలు కట్టడాల పరిరక్షణలో స్నాతకోత్తర విద్య నేర్పుతున్నాయి. 1984లో ఏర్పడిన ఇంటాక్ సంస్థ 2004లో ప్రకటించిన నియమావళి సంప్రదాయ శిల్పుల జ్ఞానానికి గుర్తింపు ఇవ్వాలన్నది. కేంద్ర ప్రభుత్వ 2014 నాటి పరిరక్షణ విధానం కూడా సంప్రదాయ పనివారి పాత్రను అంగీకరించింది. అయితే సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు ప్రధానంగా సిమెంటు, ఉక్కు చుట్టూనే తిరుగుతాయి. కొలతలు, పత్రాలు తెలిసినవారికి సున్నం పట్టిన అనుభవం తక్కువ. సున్నం తెలిసిన మేస్త్రీ చేతిలో పట్టా లేదు. ఈ ఇద్దరినీ ఒకే పరంజా మీదికి చేర్చే ఏర్పాటే కొరవడింది.

పని జరిగే చోటే బడి

హుమాయూన్ సమాధి వద్ద ఆ ఏర్పాటు కొంత జరిగింది. ఛత్రీల మీది మెరుగు టైల్స్ తయారీ భారతదేశంలో మరుగున పడిన విద్య. ఉజ్బెకిస్తాన్ నుంచి నిపుణులను రప్పించి, పక్కనే ఉన్న నిజాముద్దీన్ బస్తీ యువకులకు నేర్పించారు. మెరుపు పోయినా సరే, పాత టైల్ ఒక్కదానినీ తొలగించలేదు. పూర్తిగా ఊడిన చోటనే కొత్తవి అమర్చారు. ఇలా కొత్తవి అమర్చడం మీద నిపుణులలో భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. ఉన్నదానిని నిలపాలే గాని పోయినదానిని కల్పించరాదన్నది 1923లో జాన్ మార్షల్ రాసిన పరిరక్షణ గ్రంథం నాటి నుంచి వస్తున్న దృష్టి. పనివాడు బతికి ఉంటేనే కట్టడం బతుకుతుందన్నది రెండవ పక్షం వాదన.

హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో మొదలైన పని 2024లో ముగిసింది. అక్కడ కూడా సిమెంటును తొలగించి సున్నాన్ని తిరిగి తెచ్చారు. 2013 వానలకు కొంత కూలిన బడీ బావిని మళ్లీ కట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది.

పొరుగున ఉన్న నేపాల్‌లో ఈ చైతన్యం ప్రజల నుంచే వచ్చింది. 2015 భూకంపంలో దెబ్బతిన్న ఖాట్మండూలోని రాణీపోఖరి చెరువు పునర్నిర్మాణంలో కాంక్రీటు వాడకాన్ని స్థానికులు వ్యతిరేకించారు. చివరకు ఇటుక, మట్టి వంటి సంప్రదాయ పదార్థాలతోనే 2020లో పని పూర్తయింది.

టెండరులో దొరకని నైపుణ్యం

అసలు అడ్డంకి కార్యాలయాల్లో ఉన్నది. తక్కువ ధర కోట్ చేసినవారికి పని అప్పగించడం ప్రభుత్వ శాఖల్లో పరిపాటి. నెలల తరబడి సున్నం ఊరబెట్టేవాడు ఆ పోటీలో నిలవలేడు. మార్చి 31లోగా నిధులు ఖర్చు కావాలన్న నియమానికీ, నెమ్మదిగా గట్టిపడే సున్నానికీ పొత్తు కుదరదు. నిర్మాణ సున్నానికి భారతీయ ప్రమాణాల సంస్థ 712వ నంబరు ప్రమాణం ఉన్నది. ఆ ప్రమాణానికి తగిన సున్నం అన్ని ఊళ్లలో దొరకదు. ఒక కట్టడం పూర్తయ్యాక మరో పని వస్తుందన్న భరోసా లేని మేస్త్రీ అపార్టుమెంట్ల పనికి వెళ్లిపోతాడు, కొడుకునూ అటే పంపుతాడు.

దీనికి మార్గాలు లేకపోలేదు. పరిరక్షణ పనులకు ధర ఒక్కటే గాక పనితనాన్నీ లెక్కించే టెండరు విధానం కావాలి. మేస్త్రీ నైపుణ్యాన్ని పరీక్షించి, పట్టా ఇచ్చి, తగిన కూలి నిర్ణయించాలి. ప్రతి పెద్ద మరమ్మతులోనూ కొందరు యువకులను శిక్షణకు తీసుకోవాలన్న షరతు విధించాలి. ఇంజనీరింగ్ విద్యార్థి పట్టా పుచ్చుకునే ముందు ఒక్కసారైనా సున్నం కలపాలి. ఇవి జరగనంత కాలం మరమ్మతు నిధులు సిమెంటు సంచుల మీదే ఖర్చవుతాయి. నేడు పోసిన ఆ కాంక్రీటును తవ్వి తీయడానికి రేపటి తరం మళ్లీ నిధులు వెతుక్కోవలసి వస్తుంది. అప్పటికి సున్నం కలపడం తెలిసిన మేస్త్రీ దొరుకుతాడన్న హామీ లేదు.