కెరటమా... గాల్లో పల్టీయా?

నీళ్ల మీద నిలబడి నడిపే బండి అది. దాంతో అలను పట్టుకుని ఆడాలా... అల ఊసే లేకుండా గాల్లో గిరికీలు కొట్టాలా? స్టాండప్ జెట్‌స్కీ ఆటను రెండుగా చీల్చిన పేచీ ఇది!

ఒకటిన్నర సెకను!

నీటిమీంచి మూడు మీటర్ల ఎత్తుకి ఎగిరి, మళ్లీ నీటిని తాకడానికి పట్టే సమయం అంతే. ఆలోగానే మనిషి, అతని చేతిలో వంద కిలోలకు పైబడిన యంత్రం... రెండూ కలిసి వెనక్కి ఓ పూర్తి పల్టీ కొట్టాలి. బండి తలకిందులైన క్షణంలో ఇంజిను గీపెడుతుంది. నీళ్లు తుంపరలై పైకి లేస్తాయి. దభీమని దిగగానే ఒడ్డున చప్పట్లు.

ఇంకో దృశ్యం. అలలు విరిగే చోటికి కాస్త అవతల, అలాంటి బండి మీదే మరొకరు నిలబడి ఉంటారు. ఒక అల పోయింది. రెండోదీ పోయింది. అతను కదలడు. మూడోది లేస్తుండగా చటుక్కున బండి తిప్పి, అది విరగబోయే అంచున జారుతూ, వంపు తిరిగి, మళ్లీ పైకెక్కి, నురగ ముంచెత్తేలోపు బయటపడతాడు. పల్టీ లేదు. పెద్దగా చప్పట్లూ ఉండవు. చూసేవాళ్లే తక్కువ మరి.

వీళ్లిద్దరిలో ఎవరు గొప్ప? ఈ ప్రశ్న ఆ ఆట తెలిసినవాళ్లని అడిగి చూడండి. సాయంత్రం దాకా తెమలదు!

కూర్చునేది కాదు... నిలబడేది

జెట్‌స్కీ అనగానే మనకు గోవాలోనో, విశాఖ రుషికొండలోనో పర్యాటకుల్ని ఎక్కించుకుని తిప్పే బండి గుర్తొస్తుంది. స్కూటర్‌లా సీటు ఉండేది. ఇది అది కాదు. దీనికి సీటే లేదు. వెనకవైపు నిలబడటానికి ఓ పళ్లెం, ముందు కీలు మీద పైకీ కిందకీ కదిలే పొడవాటి కాడ, దాని చివర హ్యాండిల్. అంతే.

అమెరికాకు చెందిన మోటోక్రాస్ రేసర్ క్లేటన్ జాకబ్‌సన్ 1960లలో కన్న కల ఇది. మట్టిలో పడితే ఒళ్లు చీరుకుపోతుంది, అదే నీళ్లలో పడితే ఫర్వాలేదు కదా అన్నది ఆయన ఆలోచన. దాన్ని కవాసకి అందుకుంది. 1973లో నిలబడి నడిపే జెట్‌స్కీని మార్కెట్లోకి తెచ్చింది. 'జెట్‌స్కీ' అన్నది నిజానికి కవాసకి సొంత పేరు. జనం నోట పడి అన్ని కంపెనీల బండ్లకూ అదే పేరైపోయింది. 1990లో యమహా 'సూపర్‌జెట్' వచ్చింది. పొట్టిగా, తేలిగ్గా ఉండే ఆ బండి విన్యాసాలు చేసేవాళ్లకి ముద్దుబిడ్డ అయింది.

దీని కింద పడవకున్నట్టు ప్రొపెల్లర్ వేలాడదు. అడుగున ఉన్న కంతలోంచి నీటిని లోపలికి లాగి, తిరిగే రెక్కలతో వెనక్కి చిమ్ముతుంది. ఆ ధారే బండిని తోస్తుంది. మలుపు తిప్పేదీ ఆ ధారే. అంటే యాక్సిలరేటర్ వదిలేస్తే తోపుడే కాదు, మలుపూ పోతుంది. భయపడి చెయ్యి వదిలినవాడికి బండి మాట వినదన్నమాట. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతా కథ అంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అలే తొలి గురువు

మొదటి తరం బండ్లకి అంత బలం లేదు. చదునైన నీటి మీద వాటిని గాల్లోకి లేపడం కుదిరే పని కాదు. మరి ఎగరాలంటే? అలే దిక్కు. ఎదురొస్తున్న కెరటం వాలు మీదికి వేగంగా ఎక్కితే అది ర్యాంపులా పైకి విసురుతుంది. మోటోక్రాస్‌లో మట్టిదిబ్బ చేసే పనే.

కానీ మట్టిదిబ్బ ఉన్నచోటే ఉంటుంది. అల ఉండదు. అది కదులుతుంది, పెరుగుతుంది, విరుగుతుంది. ఒక క్షణం ముందు వెళితే ఇంకా నిటారు కాలేదు. ఒక క్షణం ఆలస్యమైతే నెత్తిన పడుతుంది. పైగా అలలు గుంపులుగా వస్తాయి. పెద్దవి కొన్ని, తర్వాత కాస్త తెరిపి, మళ్లీ పెద్దవి. మన ఉత్తరాంధ్ర తీరంలో తెప్ప వేసుకుని వేటకెళ్లే మత్స్యకారులకి ఇది కొత్త పాఠమేం కాదు. ఏ కెరటాన్ని పోనివ్వాలి, దేని వెనక తెప్ప తొయ్యాలి అన్నది వాళ్లకి చిన్నప్పటి నుంచీ చూసి ఒంటబట్టిన విద్య. అలల మీద జెట్‌స్కీ నడిపేవాడికి కావలసిందీ సరిగ్గా అదే.

నురగ సంగతి మరీ చిత్రం. అందులో గాలి బుడగలు ఎక్కువ కాబట్టి దాని మీద దిగితే దెబ్బ కాస్త తక్కువ. అయితే ఆ గాలే బండి పొట్టలోకి వెళితే రెక్కలకి నీటి పట్టు దొరకదు. ఇంజిను అరుస్తుంది, బండి కదలదు. వెనక నుంచి తర్వాతి అల వచ్చేస్తుంటుంది! ఒంటిని కాపాడిన నురగే బండిని మోసం చేస్తుంది. ఇవన్నీ ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేరు. నీళ్లు తాగి నేర్చుకోవాల్సిందే.

అల అక్కర్లేని రోజు

1980లలో చదును నీటి మీద పోటీలంటే... ఉన్నచోటే గుండ్రంగా తిరగడం, ముక్కు ముంచి నీళ్లలోకి దూరి మళ్లీ తేలడం వంటివే. 1982 నుంచి అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో లేక్ హవాసు దగ్గర ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. లండన్‌లోని పాత వంతెనను రాయి రాయిగా విప్పి తెచ్చి 1971లో మళ్లీ నిలబెట్టిన ఊరు అదే. అక్కడున్నది డ్యామ్ కట్టగా ఏర్పడిన జలాశయం. సముద్రపు కెరటాలు ఉండవు.

అలలు లేని నీటిలో గెలవాలంటే ఎగిరే శక్తి బండికే ఉండాలి. దాంతో కంపెనీ బండ్లు చాలక, విడిగా తయారుచేసేవాళ్లు రంగంలోకి దిగారు. కార్బన్ ఫైబర్ బాడీ, ఏడడుగులకి అటూఇటూ పొడవు, బరువు వంద కిలోల దరిదాపుల్లోకి. లోపల వెయ్యి సీసీకి అటూఇటూ ఉండే టూస్ట్రోక్ ఇంజిను. చిమ్మే ధారను పైకీ కిందకీ మళ్లించే ఏర్పాటు. పాదాలు జారకుండా పట్టీలు. ముక్కును నీళ్లలోకి అదిమితే బండి తేలాలని పైకి తన్నుకొస్తుంది. సరిగ్గా అప్పుడే మొత్తం యాక్సిలరేటర్ ఇచ్చి కాడను ఒంటికి లాక్కుంటే... గాల్లో ఉన్నట్టే! 2000ల దశకం ముగిసేసరికి చదును నీటి మీద పల్టీ సాధ్యమైపోయింది. తర్వాత అది పోటీకి కనీస అర్హతలా మారింది.

ఆట చీలింది అక్కడే. చదును నీటిది 'ఫ్రీస్టైల్' అయింది. అలల మీది ఆటకి 'ఫ్రీరైడ్' అని విడిగా పేరు, విడిగా పోటీలు వచ్చాయి.

ఎవరి వాదన వారిది

గాలి పక్షం మాట తీసిపారేసేది కాదు. 'అలల్లో పోటీ పెడితే ఒకడికి మంచి కెరటం వస్తుంది, ఇంకొకడికి రాదు. అది అదృష్టమా, ప్రతిభా? చదును నీటి మీద అందరికీ ఒకే నీరు, ఒకే సమయం. చెరువున్న ఊరి కుర్రాడు కూడా ఛాంపియన్ కావచ్చు. సముద్రం అక్కర్లేదు' అంటారు. నిజమే కదా!

అల పక్షం ఊరుకుంటుందా? 'నీరు ఒకటే కావచ్చు. బండ్లు ఒకటేనా?' అని నిలదీస్తుంది. ఇక్కడే అసలు సంగతుంది. 2021లో ఫోర్‌స్ట్రోక్ ఇంజినుతో వచ్చిన యమహా సూపర్‌జెట్ ధర అప్పట్లో అమెరికాలో సుమారు 9,500 డాలర్లు ఉండేది. బరువు 170 కిలోలు. కొన్నది కొన్నట్టుగా తీసుకెళ్లి అలల మీద ఆడుకోవచ్చు. అదే బండితో చదును నీటి మీద పల్టీ కొట్టమంటే కష్టం. దానికోసం చేయించుకునే ప్రత్యేక బండికి రెట్టింపు పైమాటే. పొగ నిబంధనల వల్ల తేలికపాటి టూస్ట్రోక్ బండ్లను పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా ఆపేశాయి. సూపర్‌జెట్‌లో అది 2020తో ముగిసింది. చెరువున్న ఊరి కుర్రాడికి నీరు ఉచితమే. ఎగిరే బండే అందదు.

ఇక ఒంటి లెక్క. మూడు మీటర్ల ఎత్తు నుంచి పడితే నీటిని తాకే వేగం గంటకి దాదాపు 28 కిలోమీటర్లు. చదును నీరు ఆ దెబ్బను పంచుకోదు. చీలమండలు, మోకాళ్లు, నడుము... అన్నీ పట్టాలి. ఒక్కసారి కాదు, సాధనలో వందల సార్లు.

అలాగని అలలవాళ్లకి అంతా సుఖమేనా? కాదు. మంచి అలలున్న చోట సర్ఫింగ్ చేసేవాళ్లుంటారు, ఈతగాళ్లుంటారు, సముద్ర జీవులుంటాయి. వాళ్ల మధ్యకి ఇంజినుతో వెళ్లడం ఎవరికీ నచ్చదు. 1992లో ఏర్పాటైన కాలిఫోర్నియాలోని మాంటెరే బే సముద్ర అభయారణ్యంలో ఈ బండ్లను కొన్ని నిర్ణీత చోట్లకే పరిమితం చేశారు. హవాయిలోనూ అంతే. అలను చదవడం నేర్చుకోవాలన్నా, చదవడానికి అల దొరకాలి కదా.

వెరసి ఒకరికి బండి కరవు, ఇంకొకరికి తీరం కరవు. ఈ రెంటి మధ్యా జారిపోతున్నది మాత్రం ఒకటుంది... నీటిని చూసి నిర్ణయం తీసుకునే నేర్పు. పల్టీ పుట్టిందే అల ఒడిలో. ఇప్పుడు అది అల మొహం చూడకుండానే పెరుగుతోంది. అందుకేనేమో, అలల పోటీల్లో పల్టీ కొట్టడమే కాదు, దానికి ఏ కెరటాన్ని ఎంచుకున్నారన్నదీ లెక్కకొస్తుంది.

ఈసారి ఇలాంటి వీడియో ఏదైనా కంటపడితే పల్టీని కాదు, దానికి ముందు మూడు సెకన్లు చూడండి. బండిని పైకి లేపింది ఇంజినా, కెరటమా? ఆ రైడరు దేనికోసం ఎదురుచూశాడు? చప్పట్లు ఎవరికి కొట్టాలో అప్పుడు మీరే తేల్చుకోవచ్చు.

ఇవీ ఆ విన్యాసాలు

సబ్‌మెరైన్: బండి ముక్కును ముంచి, మనిషితో సహా నీటిలోకి దూరి మళ్లీ పైకి రావడం. పాతకాలం విద్య. ఇప్పటికీ పిల్లలు దీన్ని చూసే ఎక్కువ కేరింతలు కొడతారు.

బ్యారెల్ రోల్: పీపా దొర్లినట్టు బండి పక్కకి పూర్తిగా ఒక చుట్టు తిరగడం. ముందు అలల మీద వచ్చి, తర్వాత చదును నీటికి పాకింది.

బ్యాక్‌ఫ్లిప్: వెనక్కి పల్టీ. దీనికే చేతులు వదలడం, కాళ్లు పక్కకి చాపడం వంటివి జోడిస్తారు.

కార్వింగ్: అల వాలు మీద వంపులు తిరుగుతూ సాగడం. ఎగరడం ఉండదు. చూడ్డానికి తేలిక, చేయడానికి ఏళ్లు పడుతుంది.