బాల్కనీలోని సైకిల్‌ను దించండి

హైదరాబాద్ కోకాపేటలో సైకిల్ తొక్కడానికి చోటేదీ అనే మాట 2023 అక్టోబరు 1తో చెల్లిపోయింది. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఆ రోజే మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కోకాపేట మీదుగా కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు. 4.5 మీటర్ల వెడల్పు, నెత్తిన 16 మెగావాట్ల సౌర పలకల కప్పు. దక్షిణ కొరియాలో డేజియాన్, సెజాంగ్ నగరాల మధ్య ఉన్న దారిని చూసి కట్టారు.

అయినా ఇక్కడి టవర్లలో ఎన్నో బాల్కనీల్లో గేర్ల సైకిళ్లు దుమ్ము పట్టి కనిపిస్తాయి. ముచ్చటపడి కొన్నారు. మోకాలు పట్టేసింది, కూర్చునేచోట మంట పుట్టింది, నలభై దాటాక మనవల్ల కాదులే అని మూల పెట్టేశారు. వాళ్లందరికీ ఒకటే చెప్పాలనిపిస్తుంది: వయసును తిట్టుకునే ముందు సీటు చూసుకోండి.

ట్రాక్ మీద ఎదురయ్యేవాళ్ల మోకాళ్లను గమనించండి. చాలామందివి హ్యాండిల్‌ను తాకేంత పైకి లేస్తుంటాయి. ఆగినప్పుడు సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటును కిందికి దించేస్తారు. అసలు చిక్కంతా అక్కడే. సీటు తక్కువైతే మోకాలు మరీ ముడుచుకుని, చిప్ప మీద భారం పడి, ముందువైపు నొప్పి పుడుతుంది. మరీ ఎక్కువైతే మోకాలి వెనక లాగుతుంది, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంది. ఆగాల్సి వస్తే సీటు మీంచి ముందుకు దిగి కాలు పెట్టడం అలవాటు చేసుకుంటే ఈ బెడద ఉండదు.

సరిచూడటం తేలిక. గోడను పట్టుకుని సైకిలెక్కండి. పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా రావాలి. తర్వాత మడమ తీసి పాదం ముందు భాగం పెడితే మోకాలు కాస్త వంగుతుంది. అదే మీ ఎత్తు. సీటు కింది గొట్టం మీద గీత ఉంటుంది, అది బయటికి కనిపించేంత పైకి మాత్రం లాగొద్దు.

ఇక చేతుల సంగతి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున వెళ్లే అల్నార్ నరం నలుగుతోందన్నమాట. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీదికి జారుతుంది. సీటును సమంగా చేసి, మోచేతులు కాస్త వంచి, పట్టు మారుస్తుండాలి.

కూర్చునేచోట నొప్పికి మెత్తటి జెల్ కవరు కొంటారు. దూరం పోయేకొద్దీ అది ఎముకల చుట్టూ ఉన్న మెత్తటి కండను ఒత్తుతుంది. కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోయే సీటే మేలు. ప్యాడ్ ఉన్న షార్ట్ కింద లోదుస్తులు వద్దు, ఆ కుట్లే ఒరుసుకుని మంట పెడతాయి. కాసేపటికోసారి పెడళ్ల మీద నిలబడి రక్తం ఆడనివ్వాలి. దిగాక కూడా తిమ్మిరి వదలకపోతే డాక్టరును కలవాల్సిందే.

పంచర్ల సంగతి. ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువై రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగినట్టు. ఎంత గాలి ఉండాలో టైరు పక్కభాగం మీదే రాసి ఉంటుంది. ఒకటే బెజ్జమైతే ముల్లో ఇనుప ముక్కో గుచ్చుకుని ఉంటుంది. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో నెమ్మదిగా తుడవండి, దాగిన ముల్లు గుడ్డకు తగులుతుంది. ఇది మరిచిపోతే కొత్త ట్యూబూ నాలుగడుగుల్లో పోతుంది.

2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికిన కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ చుట్టూ కట్టడాలు సాగినన్నాళ్లూ ధూళి తప్పదు. అది నూనెతో కలిస్తే చైన్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. పాత నూనె గుడ్డతో తుడిచాకే కొత్తది చుక్కచుక్కగా వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. చైన్ ఊడితే కంగారొద్దు. వెనక చక్రం దగ్గర చైన్‌ను బిగించి ఉంచే గేరు చేతిని (డీరెయిలర్) ముందుకు నెడితే చైన్ వదులవుతుంది. పెడల్ చక్రం కింది పళ్లకు తగిలించి, పెడల్‌ను వెనక్కి తిప్పితే ఎక్కేస్తుంది. చేతులు తుడుచుకోవడానికి ఓ గుడ్డముక్క సీటు కింద సంచిలో ఉంచుకోండి.