స్కూబా గేర్ ఆన్‌లైన్‌లో కొనాలా, డైవ్ షాపులోనా? కోనసీమ నుంచి ఓ లెక్క

ఫోన్ కొనేటప్పుడు మనందరికీ ఓ అలవాటు ఉంది. అమలాపురంలో షాపుకెళ్లి డెమో పీస్ పట్టుకుని చూస్తాం, ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతాం. ఫోన్ పాడైతే డబ్బులు పోతాయి, అంతకు మించి ఏం కాదు. స్కూబా గేర్‌కి కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. కొన్నింటికి పనికొస్తుంది, కొన్నింటికి అస్సలు పనికిరాదు. ఏది ఎటు అన్నదే ఈ ఆర్టికల్.

నేను వాడే సూత్రం ఒక్కటే. ఆ వస్తువు నీళ్లలో ఫెయిలైతే నాకు పోయేది ఏంటి? సౌకర్యమో, డబ్బో అయితే ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొంటాను. ఊపిరి అయితే మాత్రం దాన్ని సర్వీస్ చేసేవాడి దగ్గరే కొంటాను.

మనకి "లోకల్" అంటే ఎక్కడ?

అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో రెగ్యులేటర్ అమ్మే కొట్టు నాకెక్కడా కనబడలేదు. మనకి దగ్గర్లో డైవింగ్ అంటే విశాఖ రుషికొండే. అమలాపురం నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. తర్వాత పుదుచ్చేరి, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, అండమాన్. ఆన్‌లైన్ డెలివరీ మాత్రం ఇంటి గుమ్మం దాకా వస్తుంది. అందుకే మన పిన్‌కోడ్‌లో ఆన్‌లైన్‌కి అంత మొగ్గు.

కానీ ఇక్కడో తిరకాసు ఉంది. వస్తువు ఇంటికొచ్చినా గాలి రాదు. సిలిండర్ నింపాలంటే బ్రీతింగ్ ఎయిర్ కంప్రెసర్ కావాలి, అది ఉండేది డైవ్ సెంటర్లోనే. ఎప్పటికైనా ఆ 200 కిలోమీటర్లు వెళ్లాల్సిందే. కాబట్టి మీకు గాలి నింపి, సర్వీస్ చేసే సెంటరే మీ లోకల్ షాపు, ఎంత దూరంలో ఉన్నా సరే.

షాపులోనే కొనాల్సినవి

మొదటిది రెగ్యులేటర్. సిలిండర్లో 200 బార్ ఒత్తిడితో ఉన్న గాలిని ఫస్ట్ స్టేజ్ సుమారు 10 బార్‌కి దించుతుంది. సెకండ్ స్టేజ్ దాన్ని మీరున్న లోతులోని ఒత్తిడికి సరిపెట్టి నోటికి అందిస్తుంది. ఈ సెట్టింగ్‌ని గేజ్ పెట్టి చూసి సరిచేయాలి. కొరియర్లో కుదుపులు తిని వచ్చిన పీస్‌ని కూడా టెక్నీషియన్ ఒకసారి చూడాల్సిందే. ఆ తర్వాత కూడా కంపెనీ చెప్పిన గడువుకి, మామూలుగా ఏడాదికో రెండేళ్లకో లేదా 100 డైవ్‌లకో, సర్వీస్ చేయించాలి. సర్వీస్ కిట్ దొరకని బ్రాండ్ ఎంత చవగ్గా వచ్చినా దండగే.

కొనే ముందు రెండు విషయాలు చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ముద్ర ఉందా? కనెక్షన్ యోకా, డిన్నా? మీరు వెళ్లే సెంటర్లోని సిలిండర్లకి అది సరిపోకపోతే అడాప్టర్ వెతుక్కోవాలి. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే విషయం ఇది.

రెండోది బీసీడీ, అంటే నీళ్లలో తేలడాన్ని కంట్రోల్ చేసే జాకెట్. సైజు సరిగ్గా లేకపోతే గాలి నింపగానే పక్కటెముకల్ని నొక్కేస్తుంది. ఇంటర్నెట్లోని సైజు చార్ట్ చూసి కొనేది కాదు, తొడుక్కుని గాలి నింపి చూడాలి.

మూడోది సిలిండర్. సెలవుల్లో డైవ్ చేసేవాళ్లకి ఇది అసలు అక్కర్లేదు, ఎక్కడికి వెళ్లినా అక్కడే అద్దెకి దొరుకుతుంది. నిండు సిలిండర్ని విమానంలో ఎలాగూ ఎక్కనివ్వరు.

ఆన్‌లైన్‌లో ధైర్యంగా కొనేవి

ఫిన్స్, స్నార్కెల్, బూట్లు, రాష్ గార్డ్, డ్రై బ్యాగ్, టార్చ్. కొలత తెలిస్తే వీటికి ఆన్‌లైన్ చాలు. టార్చ్‌తో విమానం ఎక్కేవాళ్లు విడి లిథియం బ్యాటరీలని క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోవాలి.

మాస్క్‌ని కూడా ఆన్‌లైన్‌లో కొనొచ్చు, రిటర్న్ పాలసీ ఉంటేనే. పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చేయి తీసినా అతుక్కుని ఉంటే మీ మొహానికి సరిపోయినట్టే. మీసం ఉన్నవాళ్లకి పైపెదవి దగ్గర నీళ్లు కారతాయి, ఆ భాగం జాగ్రత్తగా చూసుకోండి. అద్దం మీద "టెంపర్డ్" ముద్ర తప్పనిసరి. నేను తెప్పించిన ఒకదానికి లిస్టింగ్‌లో ఆ మాట ఉంది, వచ్చిన మాస్క్ మీద లేదు. వాపసు పంపాను కానీ, పికప్ కోసం తొమ్మిది రోజులు ఎదురు చూడాల్సి వచ్చింది.

డెకథ్లాన్ 2014లో తెచ్చిన ఈజీబ్రెత్ లాంటి ఫుల్ ఫేస్ మాస్కులు నీటి పైపైన ఈదడానికి మాత్రమే. వాటితో స్కూబా చేయకూడదు.

ఇక ఫోన్ సంగతి. ఐపీ68 అనగానే సముద్రంలో దింపేయకండి. చాలా ఫోన్లకి దాని అర్థం 1.5 మీటర్ల మంచినీళ్లలో 30 నిమిషాలు. అదీ ల్యాబ్‌లో, కదలని నీళ్లలో. గోప్రో హీరో 13 విడిగా 10 మీటర్లు, హౌసింగ్‌తో 60 మీటర్లు తట్టుకుంటుంది. ఏ హౌసింగ్ కొన్నా మొదటి డైవ్‌కి ఫోన్ బదులు లోపల టిష్యూ పేపర్ పెట్టి దింపండి. అది పొడిగా పైకొస్తేనే రెండోసారి ఫోన్.

డైవ్ కంప్యూటర్: అటూ ఇటూ కానిది

మన రీడర్లకి బాగా నచ్చే గ్యాడ్జెట్ ఇదే. లోతు, సమయం లెక్కేసి, ఒంట్లో నైట్రోజన్ పేరుకోకుండా ఇంకెంతసేపు ఉండొచ్చో చెబుతుంది. వాచ్ మీద 10 ఏటీఎం అని ఉంటే అది డైవ్ కంప్యూటర్ అయిపోదు. లోతు కొలిచే పరికరాల ప్రమాణం ఈఎన్ 13319, దాన్ని చూడండి. 2022లో మన దగ్గర 89,900 రూపాయలకి లాంచ్ అయిన యాపిల్ వాచ్ అల్ట్రాకి ఆ ప్రమాణం ఉంది. ఓషియానిక్ ప్లస్ యాప్‌తో 40 మీటర్ల దాకా పనిచేస్తుంది, కాకపోతే డైవ్ ఫీచర్లకి సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. షియర్‌వాటర్, సుంటో డైవ్ కంప్యూటర్లు, గార్మిన్ డిసెంట్ డైవింగ్ కోసం చేసినవి.

వీటిని ఆన్‌లైన్‌లో కొనొచ్చు, అధీకృత డీలర్ దగ్గరైతేనే. కొన్ని బ్రాండ్లు మిగతా చోట్ల కొన్నవాటికి వారంటీ ఇవ్వవు. విదేశీ సైట్లో ధర తక్కువ కనబడితే దానికి కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ ఛార్జీ కలిపి చూడండి. రిపేర్ కోసం తిరిగి పంపాలంటే ఆ ఖర్చు వేరే.

దయచేసి కొనొద్దు: మినీ ట్యాంక్

రీల్స్‌లో తిరుగుతున్న చేతి పంపు, అరలీటరు సిలిండర్ చూసే ఉంటారు. "ట్రైనింగ్ అక్కర్లేదు" అని అమ్ముతున్నారు. రాజోలు నుంచి మా బాబాయి కొడుకు కూడా "అన్నయ్యా, తీసుకోనా?" అని లింక్ పంపాడు. వాడికి పంపిన లెక్కే మీకూ చెబుతా.

అరలీటరు ట్యాంకులో 200 బార్ ఒత్తిడితో ఉండేది 100 లీటర్ల గాలి. ప్రశాంతంగా ఉన్న మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. నీటి పైన ఐదు నిమిషాలు వస్తుంది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు, గాలి ఖర్చూ రెట్టింపు. అంటే రెండున్నర నిమిషాలు. భయపడి రొప్పితే అది కూడా రాదు. డైవ్ సెంటర్ ఇచ్చే 11.1 లీటర్ల సిలిండర్ అయితే 50 బార్ రిజర్వ్ ఉంచుకుని కూడా అదే లోతులో 40 నిమిషాలు ఇస్తుంది.

గాలి అయిపోవడం ఒక్కటే కాదు ప్రమాదం. 10 మీటర్ల దగ్గర పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు సైజు అవుతుంది. కంగారులో ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి. మీటరు, రెండు మీటర్ల లోతు నుంచి లేచినా ఆ ప్రమాదం ఉంది. కోర్సులో మొట్టమొదట నేర్పేది ఇదే, ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదని. పైగా గ్యాస్ సిలిండర్ల నియమాలు, 2016 ప్రకారం అరలీటరుకి మించిన అధిక పీడన సిలిండర్లకి మన దేశంలో పెసో అనుమతి ఉండాలి. మీరు చూసే లిస్టింగ్‌లో అది ఉందేమో వెతకండి.

కాలవలో ట్రై చేస్తాం, గోదారిలో ఓసారి దిగి చూస్తాం అనేవాళ్లు 2019 గుర్తు చేసుకోండి. సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ట బోటుని ఒడ్డుకి చేర్చింది అక్టోబర్ 22న. వరద, లోతు, బురద కలిసి అనుభవం ఉన్న ధర్మాడి సత్యం బృందాన్నే అన్ని రోజులు నిలబెట్టాయి. కొత్త గేర్ పరీక్షించుకునే చోటు గోదారి కాదు. ఆ పనికి స్విమ్మింగ్ పూల్, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి.

మా తీర్పు

మొదటి ఏడాది మాస్క్, ఫిన్స్ మాత్రం సొంతంగా కొనుక్కోండి, మిగతావి అద్దెకి తీసుకోండి. డైవింగ్ కొనసాగిస్తారని నమ్మకం కుదిరాక కంప్యూటర్, ఆ తర్వాత రెగ్యులేటర్. రెగ్యులేటర్ దగ్గరికొచ్చేసరికి ఆన్‌లైన్ ధర స్క్రీన్‌షాట్ తీసి షాపతనికి చూపించి బేరమాడండి, తప్పేం లేదు. తేడా కొద్దిగా ఉంటే షాపులోనే తీసుకోండి. రేపు నీళ్లలో దిగే ముందు దాన్ని విప్పి చూసేది అతనే.

ఆన్‌లైన్‌లో మోసపోతే ఊరుకోకండి. బిల్లు, అన్‌బాక్సింగ్ వీడియో దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరున్న చోటే కేసు వేయొచ్చు.