పొగబండి పోయింది... ఊరు మిగిలింది!

నెల్లూరు దాటి కావలి వైపు వెళ్తుంటే దారిలో బిట్రగుంట స్టేషన్ వస్తుంది. ఎక్స్‌ప్రెస్ బళ్లు చాలావరకు ఆగకుండానే దూసుకుపోతాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకి మాత్రం ఓ సందేహం వస్తుంది. ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద రైల్వే స్థలం ఎందుకబ్బా అని!

ఒకప్పుడు ఈ ఊరికి రైలే ప్రాణం.

సగం దారిలో మజిలీ

మద్రాసు, విజయవాడల మధ్య రైలుమార్గం 1899లో కలిసింది. దూరం సుమారు 430 కిలోమీటర్లు. అంత దూరం ఆవిరి ఇంజన్ ఏకబిగిన లాగలేదు. బొగ్గు నింపాలి, నీళ్లు పట్టాలి, బూడిద దులపాలి. నిప్పుల ముందు నిలబడి టన్నులకొద్దీ బొగ్గు ఎత్తిపోసిన ఫైర్‌మన్‌కీ విశ్రాంతి కావాలి. ఆ మజిలీ సరిగ్గా సగం దారిలో, బిట్రగుంటలో పడింది. లోకోషెడ్డు వచ్చింది. దాని వెనకే డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు, ఫిట్టర్లు సంసారాలతో సహా దిగారు. తెలుగువాళ్లు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు ఒకే కాలనీలో కాపురాలు పెట్టారు. పల్లెటూరు కాస్తా రైల్వే ఊరైపోయింది.

అర్ధరాత్రి తలుపు తడితే...

స్టీము రోజుల్లో రైల్వే ఇల్లాలి సంసారం గడియారంతో కాదు, కాల్‌బాయ్‌తో నడిచేది. బండికి మనిషి కావాలంటే ఏ అర్ధరాత్రో కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టేవాడు. ఆయన పుస్తకంలో సంతకం పెట్టి తయారయ్యేలోపు ఈవిడ పొయ్యి వెలిగించి క్యారేజి సర్దాలి. వెళ్లిన మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడో ఖాయంగా చెప్పలేం. వచ్చాక ఆ బట్టల మసి వదలగొట్టడం ఇంకో యజ్ఞం! పండగ రోజునా డ్యూటీ, పురిటి రోజునా డ్యూటీ. పిల్లల చదువులూ, జబ్బులూ, చీటీపాటలూ అన్నీ ఆడవాళ్లే చూసుకునేవారు. ఏ ఇంట్లో మగమనిషి లేకపోయినా పక్క క్వార్టర్ వాళ్లు తోడుండేవారు.

ఇలాంటి ఊళ్లలో ఒకటో తారీకు వస్తే బజారంతా సందడే. రైల్వే జీతం పాలవాళ్లకీ, కూరగాయలమ్మేవాళ్లకీ, చిల్లర కొట్టుకీ, బట్టలుతికేవాళ్లకీ, పనిమనిషికీ చేరేది. స్టీము షెడ్డున్న చోటల్లా బూడిద కుప్పల్లో సగం కాలిన బొగ్గు ఏరి అమ్ముకునే పేద స్త్రీలూ ఉండేవారు. వాళ్లకి జీతం లేదు, పాస్ లేదు. అయినా ఇంజనే అన్నం పెట్టింది.

తీగలొచ్చాయి, పొగ పోయింది

1972లో దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగిపోయింది. అంతకుముందే డీజిల్ ఇంజన్లు వచ్చేశాయి. 1980 ప్రాంతంలో ఈ మార్గం మీద కరెంటు తీగలు లాగారు. కరెంటు ఇంజన్‌కి బొగ్గు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. మద్రాసులో బయల్దేరితే విజయవాడ దాకా ఆగే పనే లేదు. ఇక సగం దారిలో మజిలీ ఎందుకు? విజయవాడలో ఎలక్ట్రిక్ షెడ్డు పెరిగింది, బిట్రగుంటలో పొగగొట్టాలు చల్లారాయి.

ఎవరూ తప్పు చేయలేదు. ప్రయాణికులకి వేగం పెరిగింది. ఇంటి నిండా మసి, కళ్లలో నలుసులు తప్పాయి. ఆ నిప్పుల కొలిమి ముందు ఒళ్లు కాల్చుకునే చాకిరీ కూడా తప్పింది. కానీ ఊరి సంగతో?

రైల్వే ఉద్యోగులకి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు వచ్చాయి. వాళ్లిళ్లలో అంట్లు తోమిన మనిషికి రాలేదు. వాళ్లకి పాలు పోసిన ఆవిడకి రాలేదు. అరువు పెట్టిన కొట్టుకీ రాలేదు. ఉద్యోగం పోకుండా జీతగాడు బయటపడ్డాడు. ఆ జీతం మీద బతికినవాళ్లు అక్కడే మిగిలిపోయారు. కుటుంబాలు కదిలితే బడిలో పిల్లలు తగ్గుతారు, బజారులో బేరం తగ్గుతుంది, తాళం పడ్డ క్వార్టర్ల చుట్టూ ముళ్లకంప పెరుగుతుంది. ఖాళీగా ఉన్న రైల్వే భూముల్లో ఏదైనా పరిశ్రమ పెట్టమని ఊరివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చారు.

మన ఊరి సంగతేమిటి?

బిట్రగుంట ఒక్కటే కాదు. ఒకే గని, ఒకే మిల్లు, ఒకే ఫ్యాక్టరీ మీద బతికే ఊళ్లు మన చుట్టూ ఎన్ని లేవు! క్వార్టర్ ఎంత బాగున్నా రిటైరైన నాడు ఖాళీ చేయాల్సిందే. అందుకే ఆయన సర్వీసులో ఉండగానే చిన్నదో పెద్దదో సొంత గూడు, ఇల్లాలి పేరున నాలుగు రూపాయలు, ఏ ఊరెళ్లినా అన్నం పెట్టే పని ఒకటి చేతిలో ఉండాలి. ఈ ఆలోచన జీతం వచ్చే ఇంటి ఇల్లాలికే కాదు, ఆ ఇంట్లో పనిచేసే మనిషికి ఇంకా ఎక్కువ అవసరం. ఆవిడకి పింఛనూ లేదు, ప్రావిడెంట్ ఫండూ లేదు కదా! పోస్టాఫీసులో ఆవిడ పేరున ఓ ఖాతా తెరిపించడానికి మనకి పట్టేది ఒక్క పూట.