కుక్కకు కీళ్ల గోళీ ఏస్తే షుగర్ వస్తదా?

ముసలి కుక్క కుంటుతుంటే సూడలేక మనోళ్లు కీళ్ల గోళీలు ఏస్తున్నరు. అండ్ల ఉండేది గ్లూకోసమైన్, ఎక్కువగ రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తరు. అది చక్కెర జాతిదే గనక షుగర్ బీమారి తెస్తదేమోనని అనుమానం. 2010ల అచ్చయిన అమెరికా పరిశోధనల బాగున్న కుక్కలకు 21 రోజులిచ్చి సూశిన్రు, షుగర్ పెరగలే. కానీ అది మూడు వారాల ముచ్చటే. షుగరున్న కుక్కకైతే డాక్టర్‌ను అడగకుంట ఏయొద్దు.

అసలు గండం ఏరే ఉంది. మనుషుల 'షుగర్ ఫ్రీ' గోళీలు కొన్నిట్ల జైలిటాల్ ఉంటది. మనకేం కాదు. కుక్కకైతే ఇన్సులిన్ ఒక్కసారే పొంగి షుగర్ పడిపోతది, ఫిట్స్ వస్తయి, కాలేయం చెడుతది. పైసలు మిగుల్తయని మన గోళీనే కుక్క నోట్లె పెట్టేటోళ్లు డబ్బా మీది రాత సదువుతున్నరా?