వీపున బరువు తగ్గితే ఖర్చు పెరగాలా?

నలుగురు కలిసి కొండెక్కితే టెంటు ఒకరు, గిన్నెలు ఒకరు పంచుకుని మోస్తారు. ఒక్కరే వెళ్తే అంతా ఒక్క వీపు మీదే పడుతుంది. అందుకే తేలికపాటి సామాను అవసరం ఒంటరిగా నడిచి ఒక రాత్రి బయట గడిపేవాళ్లకే ఎక్కువ. ఈ విషయంలో ప్రచారంలో ఉన్న అపోహలు మాత్రం జేబుకీ, మోకాళ్లకీ కూడా చేటు చేస్తున్నాయి.

అపోహ: తేలికైన సామాను డబ్బున్నవాళ్లకే.

వాస్తవం: 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికన్ మహిళ మూడు వేల కిలోమీటర్లకు పైబడిన అపలేచియన్ ట్రైల్ అనే కాలిబాటను ఒంటరిగా, ఒకే విడతలో నడిచారు. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచి, ఒక దుప్పటి, వానకు అడ్డంగా బాత్‌రూమ్ ప్లాస్టిక్ తెర, కాళ్లకు కాన్వాస్ బూట్లు. ఆవిడలాగే వెళ్లమని ఎవరికీ చెప్పను. కానీ బరువు తగ్గించడం షాపులో మొదలు కాదని చెప్పడానికి ఆవిడ నడకే సాక్ష్యం.

ముందుగా కొనాల్సింది వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. సంచిలో పెట్టే ప్రతి వస్తువునూ దానిమీద పెట్టి, గ్రాముల్లో కాగితం మీద రాసుకోండి. లీటరు పట్టే స్టీలు ఫ్లాస్కు ఖాళీగానే దాదాపు అరకిలో తూగుతుంది. కిరాణా కొట్లో దొరికే లీటరు నీళ్ల సీసా ఖాళీగా యాభై గ్రాములు కూడా ఉండదు. మార్చుకోవడానికని పెట్టిన జీన్స్ ప్యాంటు మరో అరకిలో పైమాటే. పైగా తడిస్తే ఓ పట్టాన ఆరదు. దాన్ని ఇంట్లోనే వదిలేసి, పాలియెస్టర్ ట్రాక్ ప్యాంటుతో నడవండి. పెద్ద తువ్వాలు తీసేసి పల్చటి తుండుగుడ్డ పెట్టుకోండి. ఒక్క రాత్రికి స్టవ్వు, గ్యాసు, గిన్నె దేనికి? పులిహోర, చపాతీలు, వేయించిన అటుకులు, పల్లీపట్టీలు చాలు. అడవిలో నిప్పు రాజేసే ప్రమాదమూ తప్పుతుంది. ఇంతవరకూ అయిన ఖర్చు త్రాసుదే. దిగిన బరువు మాత్రం కిలో పైనే.

తిండి, నీళ్లు, ఇంధనం పోగా మిగిలిన సామాను తూకాన్ని ట్రెక్కర్లు బేస్ వెయిట్ అంటారు. తొమ్మిది కిలోల లోపుంటే తేలిక, నాలుగున్నర లోపుంటే అతి తేలిక అని వాళ్ల లెక్క. మన వాతావరణంలో ఒక్క రాత్రి నడకకు ఆరేడు కిలోలకు దిగడం కష్టమేమీ కాదు.

అపోహ: ముందు మంచి బ్యాగు కొనాలి.

వాస్తవం: బ్యాగు చివర్లో కొనాలి. అరవై లీటర్ల బ్యాగు ఖాళీగానే రెండు కిలోల దాకా ఉంటుంది. చోటు మిగిలితే ఏదో ఒకటి కుక్కకుండా మన చేతులు ఊరుకోవు. మిగతావన్నీ తగ్గించాక నలభై లీటర్లది సరిపోతుంది.

అపోహ: టెంటు లేకుండా రాత్రి గడవదు.

వాస్తవం: చవకలో దొరికే ఇద్దరి టెంటు రెండున్నర, మూడు కిలోలుంటుంది. దాని బదులు నెత్తిన కప్పులా కట్టుకునే తేలికపాటి టార్పు, సన్నతాడు, మేకులు కలిపినా కిలో లోపే. అయితే తూర్పు కనుమల్లో దోమలు, తేళ్లు, పాములు ఉంటాయి. కాబట్టి అడుగున గుడ్డ కుట్టిన దోమతెర లేకుండా టార్పు కింద పడుకోవద్దు. జోరువానలోనూ, చెట్టన్నది లేని హిమాలయాల ఎత్తుల్లోనూ టెంటుదే పైచేయి. టార్పు కట్టడం డాబా మీదో, పెరట్లోనో నేర్చుకున్నాకే కొండకు తీసుకెళ్లండి.

అపోహ: స్లీపింగ్ బ్యాగు మీద సున్నా డిగ్రీలని ఉంటే ఆ చలిలో హాయిగా నిద్రపోవచ్చు.

వాస్తవం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలుంటాయి. చివరిది ప్రాణం నిలబెట్టుకునే హద్దు, నిద్రకు సంబంధించినది కానే కాదు. మీరు చూడాల్సింది కంఫర్ట్ అంకె. ఏ అంకె దేనిదో రాయని బ్యాగును నమ్మొద్దు.

బ్యాగు ఎంత మంచిదైనా ఒంటి బరువుకు వీపు కింద అణిగిపోతుంది. అందులోని గాలే వెచ్చదనం. గాలి పోయాక నేల చలి నేరుగా ఒంట్లోకి ఎక్కుతుంది. కింద ఫోమ్ మ్యాట్ వేసుకుంటే గానీ ఆ చలి ఆగదు. యోగా మ్యాట్ దీనికి పనికిరాదు, బరువెక్కువ, వెచ్చదనం తక్కువ. తూర్పు కనుమల్లోని లంబసింగిలోనే డిసెంబరు, జనవరి రాత్రుళ్లు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి దిగడం మామూలే. అందుకే చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా స్లీపింగ్ బ్యాగుకీ, మ్యాట్‌కే పెట్టండి. ఇంటికొచ్చాక బ్యాగును చుట్టి బిగించి ఉంచకండి, అలా ఉంచితే పొంగు పోతుంది.

అపోహ: చీలమండ దాకా వచ్చే బరువైన బూట్లు తప్పనిసరి.

వాస్తవం: వీపు మీద బరువు తక్కువైతే మంచి పట్టున్న రన్నింగ్ షూస్ చాలామందికి సరిపోతాయి. పాత బెణుకు ఉన్నవాళ్లు మాత్రం బూట్లే వేసుకోవాలి.

అపోహ: ఒంటరిగా వెళ్తే శాటిలైట్ మెసెంజర్ ఉండాలి.

వాస్తవం: విదేశీ జాబితాల్లో ఇది ముందు వరసలో కనిపిస్తుంది. మన దేశంలో అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, అలాంటి పరికరాలు దగ్గరుంచుకుంటే కేసు అవుతుంది. విమానాశ్రయాల్లో వాటితో పట్టుబడినవాళ్లున్నారు. అమెరికా నుంచి వచ్చే బంధువులు తెచ్చిస్తామన్నా వద్దనండి. వెళ్లే దారి, తిరిగొచ్చే గంట కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి, కొండ కింది ఊళ్లో ఒకరికి ఇవ్వండి. ఆఫ్‌లైన్ మ్యాపు, రెండు వందల గ్రాముల పవర్‌బ్యాంకు, తలకు కట్టుకునే లైటు, ఈల, మందులు దగ్గరుంచుకోండి. వీటిలో ఒక్క గ్రామూ తగ్గించొద్దు. నీళ్లలోనూ అంతే. లీటరంటే కిలో బరువే, కానీ ఎండలు ముదిరాక వాగులను నమ్ముకోలేం.

ఇంకొక్క మాట. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ రెండూ పులుల అభయారణ్యాలు. అనుమతి లేకుండా అక్కడికి వెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఉత్తరాఖండ్ ఎత్తుల్లోని పచ్చికబయళ్లలో రాత్రి బసను 2018లో అక్కడి హైకోర్టు నిషేధించింది. ఎక్కడికి వెళ్లాలనుకున్నా ముందు ఫారెస్టు ఆఫీసులో అడగండి. మొదటి రాత్రికి మాత్రం ఊరికి దగ్గర్లో, పిలిస్తే మనిషి పలికే చోటునే ఎంచుకోండి.