పొట్టి తుపాకి.. పొడుగు చరిత్ర

రెండంగుళాల గొట్టం, గుప్పిట్లో ఇమిడే పిడి, ఐదారు గుళ్లు పట్టే సిలిండర్. చొక్కా చాటున దాచుకోవడానికే పుట్టిన రివాల్వర్ ఇది. పాతకాలపు పొట్టి రివాల్వర్లను ఏరికోరి కొని దాచుకునేవాళ్లు అమెరికాలో, ఐరోపాలో చాలామందే ఉన్నారు. నర్మెట్ట, జనగామ వైపు మాత్రం పాత తుపాకి మాటెత్తితే అది సరదా ముచ్చటగా మిగలదు. తుపాకి ఎవరింట్లో ఉంటే ఊరు వాళ్లదే అన్నట్టు నడిచిన నేల ఇది.

1946 జులై 4న కడవెండిలో సంఘం (ఆంధ్ర మహాసభ) ఊరేగింపు తీసింది. జనం చేతుల్లో ఉన్నవి గుత్పలు, వడిసెలలు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల చేతుల్లో ఉన్నవి తుపాకులు. ఆ కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడయ్యాడు. దళాలు తుపాకి పట్టింది ఆ తర్వాతే. అవి కూడా ఎక్కువగా దొరల గడీల మీద పడి గుంజుకున్నవి, లేదంటే బర్మార్లు. బర్మార్‌కు గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, ఇనుప చువ్వతో దట్టించాలి. ఒక్కసారి పేల్చాక మళ్లీ సిద్ధం చేసుకునేలోపు అవతలివాడు మీదకు వచ్చేస్తాడు. అలాంటి చేతుల ఎదుట, మందు కూరే పని లేకుండా వరుసగా ఆరుసార్లు పేలే రివాల్వర్ ఉందంటే ఆ రెండు పక్షాల బలాబలాలు చెప్పకనే తెలుస్తాయి. పాత రివాల్వర్ ఏది చూసినా నాకు ముందు ఈ తేడానే గుర్తొస్తుంది.

బర్మింగ్‌హామ్ నుంచి కాన్పూర్ దాకా

జేబు రివాల్వర్లలో పెద్ద తల వెబ్లీ బుల్‌డాగ్. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1872లో మొదలైంది. దాన్ని చూసి బెల్జియం, అమెరికా కంపెనీలు లెక్కలేనన్ని నకళ్లు తీశాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చింది కూడా బుల్‌డాగ్ రకం రివాల్వర్‌తోనే. 1927లో కోల్ట్ కంపెనీ ఆరు గుళ్ల డిటెక్టివ్ స్పెషల్‌ను, 1950లో స్మిత్ అండ్ వెసన్ ఐదు గుళ్ల చీఫ్స్ స్పెషల్‌ను తెచ్చాయి. మఫ్టీ పోలీసుల చేతుల మీదుగా ఈ రెండూ సినిమాల్లోకి, డిటెక్టివ్ నవలల అట్టల మీదికి ఎక్కాయి.

అయితే ఈ రెండూ .38 బోరువి. మన దేశంలో 9 ఎంఎం, .38, .455 బోర్లను నిషిద్ధ బోరు కింద లెక్కగడతారు. మామూలు లైసెన్సుదారుకు అవి దొరకవు. అందుకే ఇక్కడ రివాల్వర్ అంటే .32. కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్‌కు మూలం వెబ్లీ అండ్ స్కాట్ నమూనాయే. దాని పనితనం దగ్గరినుంచి చూడాలి. బొటనవేలితో పక్కనున్న గొళ్లెం నొక్కితే గొట్టం ముందుకు వంగి తుపాకి నడిమికి విచ్చుకుంటుంది. సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారపు బిళ్ల పైకి లేచి, ఆరు ఖాళీ తూటాలను ఒక్కసారే బయటికి నెడుతుంది. నూటయాభై ఏళ్లనాటి ఆలోచన ఇంకా అలాగే పనిచేస్తోంది. 2014లో మహిళల ఆత్మరక్షణకంటూ కాన్పూర్ తెచ్చిన నిర్భీక్ కూడా .32 రివాల్వరే. బరువు అరకిలో, అప్పటి ధర 1,22,360 రూపాయలు.

ఆత్మరక్షణ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. గొట్టం పొట్టిదైతే గురి చూసుకునే దూరమూ తగ్గిపోతుంది. పైగా ట్రిగ్గర్ గట్టిగా లాగాలి, లాగే ఊపుకే చెయ్యి కదులుతుంది. బాగా సాధన చేసినవాళ్లకు కూడా దూరం పెరిగేకొద్దీ గురి కష్టమే. ఏడాదికోసారి కూడా పేల్చనివాడు దాన్ని నడుముకు పెట్టుకుని తిరిగితే రక్షణ కంటే దర్జాయే ఎక్కువ. ఈ నేల ఆ దర్జాను ఒకప్పుడు చాలినంత చూసింది. బరాత్‌లో గాల్లోకి పేల్చే పిచ్చి సరేసరి. 2019లో సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ పడతాయి.

తాత తుపాకి ఏం చేయాలి?

2019 సవరణే ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. 1980ల నడుమ విదేశీ తుపాకుల దిగుమతికి అడ్డుకట్ట పడింది. దాంతో అంతకుముందు వచ్చిన ఇంగ్లిష్ రివాల్వర్లకు గిరాకీ పెరిగింది. పేల్చడానికి పనికిరాని, మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధానికి మాత్రం చట్టంలో మినహాయింపు ఉంది. నిజమైన సేకరణకు ఇదే దారి అని నా నమ్మకం. గుండు పేలకపోయినా దాని మీది ముద్ర, నంబరు, అరిగిన పిడి, అన్నీ సాక్ష్యాలే.

లైసెన్సుదారు చనిపోతే వారసులు జాగు చేయకుండా అతని తుపాకిని పోలీసుస్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో అప్పగించాలి. తమ పేర లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, చట్టప్రకారం అమ్ముకోవచ్చు. అందుకు ఇచ్చిన గడువు దాటితే సర్కారు జప్తు చేసుకోవచ్చు. జప్తుతో తుపాకి పోతే పోనీ, దాని వెంట కథ కూడా పోతోందన్నదే నా బాధ.

జనగామలో గుత్పను, బర్మార్‌ను, గడి రివాల్వర్‌ను ఒకే గదిలో పక్కపక్కన పెట్టి చూపించే మ్యూజియం కావాలి. అది ఎప్పుడొస్తుందో గాని, ఇళ్లలో చేయగలిగిన పని ఇప్పుడే ఉంది. తుపాకి అప్పగించే ముందు దాని నంబరు కనిపించేలా ఫొటో తీయండి. పాత లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు పారేయకండి. అది ఏ ఏట ఇంటికొచ్చింది, ఎవరిని భయపెట్టింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది అని ముసలివాళ్లను అడిగి రాసుకోండి. గడి లోపలివాళ్లను ఎంత అడుగుతారో, బయట నిలబడ్డవాళ్లనూ అంతే అడగండి.